పాత రేడియోకు గీటురాయి

ఈ విద్యాసంవత్సరారంభమున మన కళాశాలలో సామానుల తనిఖీ జరిగినది. అనంతరము సిద్ధమైన పనికిరాని వస్తువుల జాబితా ప్రకటన ఫలకముపై అతికింపబడగా, భౌతికశాస్త్ర సంఘ సభ్యులమైన మేము దానిని చదివితిమి. విరిగిన స్టూళ్లు, అద్దములు పగిలిన బీరువా, తుప్పుపట్టిన త్రాసు, వాటి క్రింద "పాత రేడియో, పెద్దది, 1" అని వ్రాసియున్నది. ఈ వ్యాసము ఆ ఒక్క పంక్తిని గూర్చినది. జాబితా ఇంకను పాలకవర్గ సమావేశమునకు పోలేదని విన్నాము. కావున పెద్దలు సంతకము చేయుటకు పూర్వమే మా అభిప్రాయమును వారి యెదుటను, తోటి విద్యార్థుల యెదుటను ఉంచుచున్నాము. ఆ రేడియో పనికిరానిది కాదు. అది తూనికరాళ్లు లేని త్రాసు వంటిది. తూనికరాళ్లు మేము చేసి పెట్టితిమి.

జాబితాలో పేరైనను లేని ఆ రేడియో అమెరికాలోని ఆర్.సి.ఏ. సంస్థ రెండవ ప్రపంచయుద్ధ కాలమున నిర్మించిన ఏ.ఆర్.88 అను కమ్యూనికేషన్ రిసీవరు. అందు 14 వాల్వులు కలవు. బరువు సుమారు 45 కిలోలు. ఇద్దరు పట్టనిదే బల్లమీదికి ఎక్కదు. మధ్యతరంగములు మొదలుకొని 32 మెగాహెర్ట్జుల వరకు ఆరు విభాగములుగా వినవచ్చును. యుద్ధము ముగిసిన పిమ్మట ఇట్టి సెట్లు డిస్పోజల్ సామానుగా మన దేశమున అమ్ముడుపోయినవి. అట్లు కొన్నవారెవరో దీనిని మన కళాశాలకు దానమిచ్చిరట. ప్రయోగశాల అటెండరును మేమందరము చాచా అని పిలుతుము. ఆయన పనిలో చేరిననాటికే అది తూర్పు గోడ ప్రక్కన ఉన్నదట. సెలవు దినములలో దుమ్ము దులుపునెపమున దానిని వెలిగించి ఆకాశవాణి ఉర్దూ సర్వీసు వినుచుంటినని ఆయన చెప్పినప్పుడు మాకు నవ్వు వచ్చినది. తరువాత తెలిసినది, అట్లు అప్పుడప్పుడు వెలిగించుట వలననే అది బ్రతికియున్నదని.

మా తప్పును దాచక చెప్పెదము. రెండు సంవత్సరముల క్రిందట ఒక శీతకాలపు రాత్రి మేము నలుగురము ఆ సెట్టుపై ఒక విదేశ ప్రసార కేంద్రమును విన్నాము. ధ్వని నిర్మలముగా నుండెను. వార్తల సారాంశమును, పాటల వివరములను, గంట నిమిషములను వ్రాసికొంటిమి. డయలుపై ముల్లు 9,640 కిలోహెర్ట్జుల వద్ద నున్నది; ఆ సంఖ్యను కూడ వ్రాసి ఆ కేంద్రమునకు ఉత్తరము పంపితిమి. కొన్ని వారములకు ఎంతో మర్యాదగల ప్రత్యుత్తరము వచ్చినది. కార్యక్రమ వివరములు సరిపోయినవి గాని, 9,640 పై తమకు ప్రసారమే లేదనియు, ఆ సమయమున తమ ప్రసారము 9,575 పై జరిగినదనియు, దయచేసి మీ రిసీవరును సరిచూచుకొనుడనియు అందు వ్రాసియుండెను. ఉత్తరమును చదివి మాలో ఒకడు "వారే పొరబడియుందురు" అన్నాడు. ఆ మాట అన్నవాడిని నేటికిని ఆటపట్టించుచున్నాము గాని, ఆ క్షణమున అందరి మనస్సులోను అదే మాట ఉన్నదని ఒప్పుకొనక తప్పదు. అచ్చువేసిన అంకె మీద మనకు గల విశ్వాసము అంత గట్టిది.

మరి ముల్లు 65 కిలోహెర్ట్జులు ఎందులకు తప్పినది? డయలుపై అంకెలు కర్మాగారమున ముద్రింపబడినవి. ఆ అంకెలకు అర్థము కల్పించునది మాత్రము సెట్టులోని స్థానిక డోలకము, అనగా ఒక తీగచుట్ట, ఒక మారుడు కెపాసిటరు, ఒక వాల్వు. వేడి తగిలిన లోహము వ్యాకోచించును. తేమ పట్టిన తీగచుట్ట గుణము మారును. ఈ సెట్టులో డోలకపు వాల్వు 6జె5. దానిని ఎప్పుడో ఎవరో మార్చియుందురు. ఎలక్ట్రోడుల మధ్యనుండు కెపాసిటీ వాల్వు వాల్వుకు కొంచెము భేదించును. ఇవియన్నియు కలిసి దశాబ్దముల కాలములో ముల్లును, నిజమును వేరుచేసినవి. పైగా సెట్టును వెలిగించిన మొదటి గంటలో ముల్లు కదలకున్నను కేంద్రము మెల్లమెల్లగా జరిగిపోవుచుండును. ఇందు యంత్రపు దోషము కన్న దానిని ప్రశ్నించకుండ నమ్మిన మా దోషమే అధికము.

ఆ ఉత్తరము వచ్చిన తరువాతనే క్రమాంకనమును గూర్చి చదువనారంభించితిమి. రేడియో వ్యవహారములో దీనికి వాడుకలోనున్న పరికరము క్రిస్టల్ కాలిబ్రేటరు. స్ఫటికమును నొక్కినచో విద్యుదావేశము పుట్టునని 1880లో క్యూరీ సోదరులు కనుగొనిరి. విద్యుత్తు నిచ్చినచో స్ఫటికము కంపించునని పిదప తెలిసినది. ఆ కంపనమును ఆధారము చేసికొని రేడియో డోలకమును స్థిరముగా నిలుపవచ్చునని 1921 ప్రాంతమున వాల్టర్ కేడీ చూపెను. క్వార్ట్జ్ పలక తన మందమునుబట్టియు, కోసిన కోణమునుబట్టియు ఒకే పౌనఃపున్యము వద్ద కంపించును. తీగచుట్ట వలె ఋతువుతో మారదు. పూర్వము రిసీవర్లకు 100 కిలోహెర్ట్జుల స్ఫటికమును ఒక పెంటోడు వాల్వుతో జతచేసెడివారు. ఆ డోలకపు తరంగము నునుపైనది కానిచో దానియందు అనుస్వరములు సమృద్ధిగా నుండును: 200, 300, 400, అట్లే 10,000 దాటి మెగాహెర్ట్జుల పర్యంతము ప్రతి నూరు కిలోహెర్ట్జులకు ఒక సన్నని ఈల. రహదారి ప్రక్క మైలురాళ్లవలె ఆకాశమంతట వరుసగా పాతిన గుర్తులు అవి. కొన్ని రిసీవర్లను కాలిబ్రేటరుతో సహా నిర్మించిరి. మన ఏ.ఆర్.88కు ఆ భాగ్యము లేదు.

ఇక్కడనే మా సంఘమున వాదము పుట్టినది. ఒక పక్షమువారు వాల్వు సెట్టుకు వాల్వు కాలిబ్రేటరే తగునని, ఛాసిస్‌లో రంధ్రము చేసి సాకెట్టు బిగించి, ముందరి పలకపై స్విచ్చి పెట్టవలెనని పట్టుపట్టిరి. వారి కోరికలో సౌందర్యము లేకపోలేదు. కాని ఆ ముందరి పలకకు ఎడమ ప్రక్కన ఇదివరకే రెండు రంధ్రములు కలవు. వాటిని ఎవరు చేసిరో, ఎందులకు చేసిరో ఎవరును ఎరుగరు. ఏదో స్విచ్చి కొరకై యుండును. ఆ స్విచ్చియు లేదు, ఆ పనియు లేదు, రంధ్రములు మాత్రము మిగిలినవి. మూడవ రంధ్రము చేయుటకు మాకు మనసొప్పలేదు. పాత వస్తువును బాగుచేయుట వేరు, దానిపై మన పేరు చెక్కుకొనుట వేరు. అదియుగాక సాక్షి యనువాడు కక్షిదారుని యింట కాపురముండరాదు. సెట్టులోపలి వేడిలో కాలిబ్రేటరును బంధించినచో సెట్టుతోపాటు అదియు వేడెక్కును, దాని విద్యుత్తులోని ఒడుదుడుకులన్నియు దీనికిని సోకును. బయట చల్లని చోట, తన సొంత బ్యాటరీలతో ఉన్న పరికరమే రెంటిలో మేలని మా నిర్ణయము. వాల్వు పక్షమువారు ఓడిపోయిరని అనము. నూరు కిలోహెర్ట్జుల పాత స్ఫటికము దొరికినచో ఆ సర్క్యూటును విడిగా ఒక పలకపై కట్టుదుమని మాట యిచ్చితిమి.

మేము చేసిన పరికరము అరచేతిలో ఇముడును. 6.4 మెగాహెర్ట్జుల స్ఫటికమొకటి, 74హెచ్.సి.4060 అను ఐ.సి. ఒకటి, రెండు రెసిస్టర్లు, రెండు చిన్న కెపాసిటర్లు (అందొకటి త్రిప్పి సరిచేయు ట్రిమ్మరు), మూడు టార్చి సెల్లులు. ఆ ఐ.సి. స్ఫటికమును కంపింపజేయుటయే గాక, ఆ కంపనమును రెండు చొప్పున మరల మరల భాగించును. పదునారుచే భాగించిన 400 కిలోహెర్ట్జులు వచ్చును, అరువదినాలుగుచే 100, రెండువందల యేబదియారుచే 25. మూడు కాళ్లకు ఒక మార్చుడు స్విచ్చి పెట్టితిమి. బయటికి వచ్చు తరంగము చతురస్రాకారముగా నుండును గనుక అనుస్వరములకు కొదువ లేదు. ఖర్చు ఒక పాఠ్యపుస్తకపు వెలకు మించలేదు. చందా వేసికొని మేమే భరించితిమి. కళాశాల నిధినుండి ఒక్క పైసయు కోరలేదని పెద్దలు గమనింతురుగాక.

సెట్టుకు దీనికి మధ్య టంకము వేసిన అతుకు ఒక్కటియు లేదు. తొడుగుగల తీగ నొకదానిని ఏరియల్ తీగచుట్టు ఒక్క చుట్టు చుట్టితిమి, అంతే. మొదటి దినమున ఉత్సాహము కొలది నేరుగా ఏరియల్ టెర్మినలుకే కలిపితిమి. అప్పుడు సెట్టు ఉక్కిరిబిక్కిరియై లేనిచోట కూడ ఈలలు వినిపించినది. గుర్తు వినబడీ వినబడనంత మెల్లగా ఉండుట మంచిది.

అయితే స్ఫటికము మీద వ్రాసిన సంఖ్యయు అచ్చువేసిన సంఖ్యయే గదా, దానిని మాత్రము ఎట్లు నమ్ముదురు? ఈ ప్రశ్నను మా అధ్యాపకులు అడిగిరి. ఆయన అడుగకున్నచో మేము రెండవమారు అదే గోతిలో పడియుందుము. దీనికి సమాధానము ఆకాశమునందే ఉన్నది. కొన్ని దేశములు ప్రమాణ పౌనఃపున్యములను రేడియోద్వారా ప్రసారము చేయుచున్నవి. అమెరికాలోని డబ్ల్యు.డబ్ల్యు.వి., చైనాలోని బి.పి.ఎం. సరిగా 10 మెగాహెర్ట్జులపై సెకనుల టిక్కులను పంపుచున్నవి. న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల సైతము ఒకప్పుడు ఏ.టి.ఏ. అను సంకేతముతో ఇట్టి సేవ నడిపినది, అది నిలిచిపోయినది. నిలిచిపోవుట విచారకరమని మా అభిప్రాయము. మన దేశపు కొలబద్దను మన విద్యార్థి మన ఆకాశములోనే వినగలుగుట చిన్న విషయము కాదు.

ఒక సాయంకాలము 10 మెగాహెర్ట్జుల వద్ద ఆ టిక్కులను పట్టి, కాలిబ్రేటరును 100 పై నుంచి వెలిగించితిమి. నూరవ అనుస్వరము ఆ ప్రసారముపై పడినది. రెండు స్వరములు దాదాపు సమానమైనప్పుడు విస్పందనములు కలుగునని ఇంటర్మీడియట్ పుస్తకములో శృతిదండములతో చదివినదే ఇక్కడ చెవికి తెలిసినది. మొదట గుయ్యిమను ధ్వని. ట్రిమ్మరును త్రిప్పగా అది క్రమముగా లోతుకు దిగి, పిదప ధ్వనియే కాక టిక్కుల బలము అలలవలె ఎగసి తగ్గుట మొదలైనది. అల అలకు రెండు సెకనులు పట్టునంతవరకు సరిచేసితిమి. అనగా 10 మెగాహెర్ట్జులలో అర హెర్ట్జు తేడా, రెండు కోట్లలో ఒక వంతు. గది ఉష్ణోగ్రత మారినప్పుడు స్ఫటికము అంత కచ్చితముగా నిలువదు, పదుల హెర్ట్జులు అటునిటు పోవును. పోనిండు. మన ముల్లు తప్పినది 65 వేల హెర్ట్జులు.

ఆ తరువాత 9,640 వద్దకు పోతిమి. ఇచ్చట ఒక మాయ ఉన్నది. చేయబూనినవారు దీనిని తప్పక ఎరుగవలెను. కాలిబ్రేటరు 100 పై ఉండగా ముల్లు 9,665 వద్ద ఒక గుర్తు వినబడినది. అది 9,600 గుర్తా, 9,700 గుర్తా? ముల్లును నమ్మినచో 9,700 దగ్గర గనుక అదే యనుకొందుము. గుర్తులన్నియు ఒకే విధముగ ఈల వేయును, ఏదియు తన పేరు చెప్పదు. డయలు తప్పు 50 కిలోహెర్ట్జులు మించినచో నూరు కిలోహెర్ట్జుల కాలిబ్రేటరు మనలను తప్పుదారినే పట్టించును. అందులకే 400 కావలసినది. స్విచ్చిని అటు త్రిప్పగా 9,665 వద్ద గుర్తు నిలిచినది, 9,765 వద్దనున్నది మాయమైనది. 400 యొక్క ఇరువదినాలుగవ గుణిజము 9,600, తరువాతది 10,000. కావున ముల్లు 9,665 అనుచోట నిజము 9,600. పిదప 25 పై నుంచి ఒక గుర్తు క్రిందికి దిగగా ముల్లు 9,640 వద్ద ఆగినది. అది 9,575. రెండు సంవత్సరముల క్రిందటి ఉత్తరము అక్షరాల నిజమని ఆ క్షణమున రుజువైనది. మేము నలుగురము ఒకరి ముఖ మొకరు చూచుకొంటిమి. ఆ కేంద్రమునకు క్షమాపణతో మరియొక ఉత్తరము వ్రాసితిమి.

ట్రిమ్మర్లను త్రిప్పి డయలును వెంటనే సరిచేయరాదా అని కొందరడిగిరి. చేయవచ్చును. కాని ప్రతి విభాగమును రెండు కొనలవద్ద సరిచేసినను నడుమ కొంత తేడా మిగిలియే యుండును. తప్పెంతో కొలువకముందే సరిచేయబోవుట రోగమెరుగక మందు పోయుట వంటిది. అందుచే మేము ముందు ఒక పుస్తకము పెట్టితిమి. ఎడమ వరుసలో ముల్లు చెప్పినది, కుడి వరుసలో స్ఫటికము చెప్పినది, ప్రక్కన తేది, సెట్టు వెలిగించి ఎంతసేపైనదో ఆ వివరము. ఇట్టి పుస్తకమునకు పూర్వోదాహరణ లేకపోలేదు. అదే యుద్ధకాలమున అమెరికా సైన్యము వాడిన బి.సి.221 అను పౌనఃపున్యమాపకముతో ఒక క్రమాంకన పుస్తకము వచ్చెడిది. ఆ పుస్తకము ఆ ఒక్క యంత్రమునకే చెల్లును. ప్రక్కనున్న అదేరకపు యంత్రమునకు పనికిరాదు. పుస్తకము పోయినచో యంత్రము విలువ సగము పోయినట్లే. మన ఏ.ఆర్.88కు ఇప్పుడొక పుస్తకమున్నది. పుస్తకమున్న రేడియోను విరిగిన స్టూళ్లతో పాటు తూకానికి వేయుట న్యాయమేనా?

ఇంటిలో తాతగారి కాలపు వాల్వు సెట్టు గల మిత్రులు పలువురున్నారు. ఈ సంచికను కుడివైపునుండి తెరచు ఉర్దూ విభాగపు మిత్రులలోను ఉన్నారని తెలియును. వారికి ముందుగా ఒక హెచ్చరిక. పాత గృహ రేడియోలలో కొన్నిటికి ట్రాన్స్‌ఫార్మరు ఉండదు, ఏ.సి., డి.సి. రెంటిపైనను నడుచునట్లు చేసిన సెట్లు అవి. వాటి ఛాసిస్ నేరుగా కరెంటు తీగకే కలిసియుండును. ప్లగ్గు తిరుగబడినచో ఛాసిస్‌ను తాకుట ప్రాణాపాయము. అట్టి సెట్టుకు ఏ తీగయు కలుపవలదు. కాలిబ్రేటరును ప్లాస్టిక్ డబ్బాలో, బ్యాటరీలపై నుంచి, సెట్టునకు దగ్గరగా పెట్టినచో చాలును. ట్రాన్స్‌ఫార్మరు గల సెట్లలోను రెండువందల యేబది వోల్టుల వరకు హెచ్చు వోల్టేజి ఉండును. స్విచ్చి కట్టిన తరువాత కూడ కెపాసిటర్లలో కొంతసేపు నిలిచియుండును. వెనుక అట్ట తీయుట పెద్దలు ప్రక్కన లేనప్పుడు వలదు.

ఇంటి సెట్టులో మరి రెండు చిక్కులు కలవు. దానికి ఈల పుట్టించు డోలకము ఉండదు గనుక కాలిబ్రేటరు గుర్తు మౌనముగా వచ్చి మౌనముగా పోవును. ఆ చోట బరబర కొంచెము అణగుటయే దాని ఉనికి. దీనికి విరుగుడు అదే ఐ.సి.లో దొరకినది. దాని చివరి కాలు స్ఫటిక కంపనమును 16,384 చే భాగించి సుమారు 390 హెర్ట్జుల స్వరమునిచ్చును. ఆ స్వరముతో గుర్తును ఆపుచు విడచుచు నుండిన, ప్రతి గుర్తును తుమ్మెద ఝంకారమువలె వినిపించును. రెండవ చిక్కు దొంగ గుర్తులు. సెట్టు మధ్యస్థ పౌనఃపున్యము 455 కిలోహెర్ట్జులైనచో, దానికి రెట్టింపైన 910 దూరముననున్న గుర్తు కూడ ప్రతిబింబముగా వినబడును. లెక్కవేసి చూడుడు: ప్రతి నిజమైన నూరు గుర్తుకును పది కిలోహెర్ట్జులు దిగువన ఒక దొంగ గుర్తు నిలుచును. ఏ.ఆర్.88లో మిశ్రమ వాల్వుకు ముందు రెండు రేడియో వృద్ధీకరణ దశలు ఉన్నందున అవి బలహీనము. గృహ సెట్లలో లఘుతరంగములపై అసలువానితో సమానముగ అరచును.

మధ్యతరంగములపై పని సులభము, మన ప్రాంతపు వారికి అందు ఒక వినోదము కూడ కలదు. జెనీవా ఒప్పందము ననుసరించి 1978 నవంబరు 23 నుండి మధ్యతరంగ కేంద్రములు తొమ్మిది కిలోహెర్ట్జుల గుణిజములపై కుదిరినవి. మన తలిదండ్రులకు కంఠస్థమైన హైదరాబాదు 738, విజయవాడ 837 రెండును తొమ్మిది గుణిజములే. అంతకు పూర్వము డయలుపై అచ్చయిన నగరముల పేర్లు కొన్ని ఆ దినముతో చోటు తప్పినవి. ఈ సంఖ్యలలో ఏదియు నూరు గుణిజము కాదు. కాని కడప ఆకాశవాణి ఎన్నో యేండ్లు వాడుకొనిన 900 తొమ్మిదికిని, నూరుకును గుణిజమే. కాలిబ్రేటరు తొమ్మిదవ అనుస్వరము సరిగా దానిమీద వ్రాలును. కడప మిత్రులు దీనిని తమ జిల్లా ఘనతగా చెప్పుకొనుచున్నారు, మేము అడ్డుచెప్పలేదు.

పాలకవర్గ పెద్దలలో కొందరికి న్యాయమైన సందేహములు కలవని విన్నాము. నేడు కంప్యూటరుకు తగిలించు చిన్న పరికరముతో ఆకాశమంతయు తెరపై కనబడుచు, పౌనఃపున్యము అంకెలలో వచ్చుచుండగా ఈ ఇనుపపెట్టె ఎందులకని వారి మొదటి ప్రశ్న. ఆ పరికరమును మేమును వాడితిమి, మెచ్చుకొంటిమి. కాని అందును ఒక స్ఫటికమే కూర్చుని లెక్క చెప్పుచున్నది. అంకెలు ఎక్కువగుటచేత అవి నిజమైనవని అనుకొనుట ముల్లును నమ్మిన మా పాత అలవాటే. తెరపై తొమ్మిది అంకెలను చూచు విద్యార్థికి సందేహము పుట్టదు; డయలుపై వెంట్రుకవాసి కదలిక చూచువానికి పుట్టును. ప్రయోగశాల అనునది సందేహము పుట్టించుటకు, దానిని తీర్చుటకు ఏర్పడిన గది. అట్టిచోట డయలుగల యంత్రమునకు స్థానమున్నది. రెండు పక్కపక్కన నుండవలెనని మా కోరిక, ఒకదానిని తీసి మరియొకటి పెట్టవలెనని కాదు.

స్థలాభావము రెండవ అభ్యంతరము. ఇది నిజమే. ఆ బల్ల మూడు అడుగుల వెడల్పు ఆక్రమించును, బి.ఎస్సీ. విద్యార్థులు నిలుచుండి ప్రయోగములు చేయుచున్నారు. దీనికి మా వద్ద ఘనమైన సమాధానము లేదు. గ్రంథాలయమునకు పోవు మెట్లక్రింద తాళము గల చిన్న గది యున్నది. అది పొడిగా నుండును, దాని కిటికీనుండి ఏరియల్ తీగను వేపచెట్టుకు కట్టవచ్చును. ఆ గదిలోని పాత జవాబుపత్రముల కట్టలను తీసివేసినచో చాలును. వాటిని మోయుటకు మేము సిద్ధము.

మూడవది విద్యుదపాయము. దీనిని మేమును భయముతోనే తలచెదము. కరెంటు తీగను క్రొత్తది వేసితిమి, ఫ్యూజు సరియైనది పెట్టితిమి, చెడిన కాగితపు కెపాసిటర్లను అధ్యాపకుల పర్యవేక్షణలో మార్చితిమి. ఒంటరిగా ఎవరును సెట్టును వెలిగించరాదను నియమమును గోడపై వ్రాసి, చాచా చేత తాళపుచెవి ఉంచితిమి.

తోటి విద్యార్థులలో మరియొక అభిప్రాయము వినబడుచున్నది. ఇట్టి సెట్లను పాత వస్తువుల మోజుగలవారు మంచి వెలకు కొందురట, అమ్మి ఆ సొమ్ముతో క్రొత్త పరికరములు కొనవచ్చునట. తుక్కు ధరకు పోవుటకన్న అది మేలే. ఐనను దానికొరకు ఎవరో యిచ్చిన దానమును ఎవరి మందిరములోనో అలంకారముగా చేయుట మాకు రుచించదు. హ్యామ్ పరీక్షకు చదువుచున్న జూనియర్లు ఆరుగురు ఇప్పుడు వారమునకు రెండు సాయంకాలములు ఆ బల్లవద్ద కూడుచున్నారు. 7,000 పొలిమేరరాయి ఎక్కడనో, 14,350 ఎక్కడనో చెవితో గుర్తించి పుస్తకములో వ్రాయుచున్నారు. రేపు లైసెన్సు పొంది తామే ప్రసారము చేయునాడు ఆ పొలిమేర దాటకుండుట వారికి చట్టవిషయము. ఒక అమ్మాయి, మొదటి సంవత్సరము చదువుచున్నది, మేము తప్పుగా వ్రాసిన నాలుగు అంకెలను ఇదివరకే పట్టుకొన్నది.

కావున మా విన్నపము స్వల్పము. జాబితాలోని ఆ పంక్తిని కొట్టివేసి, స్టాకు రిజిస్టరులో దానిని దాని పేరుతో, కాలిబ్రేటరును, దిద్దుబాటు పుస్తకమును దానితోపాటు చేర్చి నమోదు చేయవలెను. మెట్లక్రింది గది విషయము పెద్దల దయ. సమావేశమునకు ముందు ఎవరేని స్వయముగా వచ్చి చూడగోరినచో మంగళ, శుక్రవారముల సాయంకాలము ఆరు గంటలకు దయచేయవలెను. ఐదు గంటలకే చాచాకు కబురు పంపినచో సెట్టు అప్పటికి వేడెక్కియుండును.